బల్ల, కుర్చీ, ముగ్గురు నాన్నలు

మా ఇంట్లో మగవాళ్ళకి ఎప్పుడూ కొదవ లేదు. పొద్దున్న లేస్తే వలలు బాగుచేసేవాళ్ళు, ఐసు మోసేవాళ్ళు, అమ్మమ్మ చేతి చేపల పులుసు కోసం వచ్చి ముందుగా గాలివాటం గురించి మాట్లాడేవాళ్ళు, గుమ్మం నిండా వాళ్ళే. లేనిదల్లా మా నాన్న ఒక్కడే.

ఆయన నాకు రెండేళ్ళప్పుడు గుజరాతు పడవల మీద పనికని వెళ్ళాడు. ఒక్క సీజనే అన్నాడు. అక్కడే ఇంకో సంసారం పెట్టుకున్నాడని మూడో సీజనుకి మాకు తెలిసింది. ఎవరైనా వచ్చి జాలి మొహం పెడితే అమ్మమ్మ కస్సుమనేది.

"సముద్రం మింగీసుంటే ఏడిసీవోలం. ఇంకొకతి మింగీసింది. దానికేటేడుత్తాం? ఎల్లండెల్లండి, పులుసు సల్లారిపోతంది."

మా ఇల్లు ఫిషింగ్ హార్బరుకి రెండు వీధుల అవతల. అమ్మ తెల్లారకముందే హార్బరుకి వెళ్ళి, వేలంపాటలో గొంతు చించుకుని ఒక బుట్ట చేపలు పాడుకుని, ఉక్కునగరం బస్సెక్కేది. అక్కడ సెక్టార్లన్నీ తిరిగి క్వార్టర్సులో అమ్మేది. వంజరం ఎవరింట్లో తింటారో, చందువ ఎవరు బేరమాడతారో, ఏ ఇంట్లో మగమనిషి నైట్ షిఫ్ట్ చేసి పడుకున్నాడో, ఏ గుమ్మం ముందు కేక పెట్టకూడదో, అన్నీ ఆమెకి కంఠతా. అలా ఒకరోజు ఒక క్వార్టరు గుమ్మంలో చేప కోస్తూ తలెత్తి లోపలికి చూసింది. చూసి ఇంటికొచ్చి బుట్ట దించకుండానే ప్రకటించింది.

"అమ్మా, ఆలింట్లో మన గుంటంత గుంటుంది. దానికి ఓ బల్లుంది, ఓ కుర్సీ ఉంది, ఓ అయ్యున్నాడు. మూడూ ఒకే కాడున్నాయి. గుంట కుర్సీలో కూకుంది, పుస్తకం బల్ల మీదుంది, అయ్య పక్కన నిలబడి లెక్కలు సెప్తన్నాడు. అందుకే దానికి సదువొత్తంది."

"మన గుంటకేటున్నాయే?" అంది అమ్మమ్మ, నన్ను చూపిస్తూ.

"ఏటీ నేవు. తెద్దాం."

నాకప్పుడు పదేళ్ళు. చదువంటే ప్రాణమేమీ కాదు, అబద్ధం ఎందుకు? మా వీధి బడిలో అయిదు తరగతులూ ఒకే గదిలో ఉండేవి. ఒకటో తరగతి ఎక్కాలూ అయిదో తరగతి పాఠాలూ కలిపి ఒకే పాటలా వినిపించేవి. కానీ ఊళ్ళో సిస్టర్ల స్కూల్లో ఆరో తరగతి నుంచి నీలం రంగు టై కడతారు. ఆ టై మీద నాకు పిచ్చి. అమ్మకి వేరే పిచ్చి. తన నెత్తి మీది బుట్ట నా నెత్తి మీదికి రాకూడదు. "ఈ బుట్ట నాతోటే ఆగిపోవాల" అని రోజూ తలకి చుట్టుకున్న గుడ్డ విప్పుతూ అనేది. నాకు ఆ స్కూల్లో సీటు రావాలి. మా ఇంట్లో ఆ ఏడాదంతా ఉన్న గొడవ అదొక్కటే.

బల్ల సంగతి మామ చూశాడు. మామంటే మా అమ్మ తమ్ముడు. పడవకి సరంగు, అంటే నడిపేవాడు. పది రోజులు వేట, మూడు రోజులు గట్టు. ఇల్లు యారాడలో, కొండకి అవతల. గట్టున ఉండే ఆ మూడు రోజుల్లో చేపలు దించాలి, ఐసు ఎక్కించాలి, ఇంజను చూసుకోవాలి. అందుకని రెండు రోజులు మా ఇంట్లోనే తిని మా ఇంట్లోనే పడుకునేవాడు, మూడోరోజు కొండ దాటి వెళ్ళి పెళ్ళాంబిడ్డలకి మొహం చూపించి వచ్చేవాడు. నాకంటే నాలుగు నెలలు పెద్దదైన కూతురు ఉంది ఆయనకి, నాకు వదిన. ఆయన ఎక్కడో మరమ్మతు పడవ నుంచి ఒక చెక్క పట్టుకొచ్చి, రెండు చేపల ట్రేల మీద దాన్ని పెట్టి మేకులు కొట్టాడు. అదీ బల్ల. వాన పడ్డప్పుడల్లా అది తన పాత ఉద్యోగం గుర్తు చేసుకుని కంపు కొట్టేది. నా సోషల్ పుస్తకంలో మొగలుల చాప్టరు ఇప్పటికీ ఎండుచేప వాసనే.

కుర్చీ సెలూన్ వాడు పారేసింది. గుండ్రంగా తిరిగేది, తలవెనక దిండు కూడా ఉండేది. ఆ కుర్చీలో కూర్చుని చదువుతుంటే వీధిలో ప్రతివాడూ ఆగి "ఏటే, గెడ్డం గీకించుకుంటన్నావా?" అని అడిగి పోయేవాడు. అయినా చదివాను. ఎందుకంటే అమ్మ ఎదురుగా కూర్చుని వలలో చిక్కుముళ్ళు విప్పుతూ నన్నే చూసేది. కుర్చీ తిరిగితే చాలు, వీపు మీద ఒక్కటి పడేది.

రాతపరీక్ష పాసయ్యాను. మా వీధి వీధంతా ఆశ్చర్యపోయింది, అందరికంటే ఎక్కువగా నేను. తర్వాత స్కూలు నుంచి కాగితం వచ్చింది. ఫలానా సోమవారం ఇంటర్వ్యూ, తల్లిదండ్రులిద్దరూ విధిగా హాజరు కావలెను.

అప్పటికి బల్ల ఉంది, కుర్చీ ఉంది. మూడోదే లేదు.

నిజం చెప్పేస్తే పోయేది కదా అని మీరనుకోవచ్చు. నిజం ఒకసారి చెప్పి చూశాం. అంతకుముందు ఇంకో స్కూలుకి వెళ్ళినప్పుడు అమ్మ ఉన్నదున్నట్టు చెప్పింది. అక్కడి గుమస్తా తండ్రి పేరు అన్నచోట ఒక గీత గీసి, నా ఫారాన్ని కట్టలో అన్నిటికంటే అడుగున పెట్టాడు. అది అడుగునే ఉండిపోయింది. అందుకని ఈసారి అమ్మ నాన్నని తయారుచేయాలని నిశ్చయించింది. నాన్నగా రావడానికి మామ సరేనన్నాడు. ఇంటర్వ్యూ నాటికి పడవ గట్టుకొచ్చేస్తుందని లెక్క కూడా చెప్పాడు.

ఇక శిక్షణ. అమ్మమ్మే సిస్టరు. తలకి తెల్ల తువ్వాలు చుట్టుకుని, సెలూన్ కుర్చీలో కూర్చుని అడిగేది. "పిల్ల ఎప్పుడు పుట్టినాది?"

తారీకు చెబితే అమ్మమ్మ ఒప్పుకోదు. "తారీకుదేటుంది, ఎవులైనా రాసీగలరు. కన్నోడికి పుట్టుకంతా తెలవాల" అని తనే ఒక పాఠం తయారుచేసింది. దసరా ఎల్లిన మూడోనాడు, మంగలారం, పడవలు దిగే ఏల, పెద్దాసుపత్రిలో, రెండున్నర కేజీలు.

మామ సముద్రంలో కొండ ఆనవాలు చూసి ఎక్కడ రాయి ఉందో చెప్పగలడు. కానీ ఈ ఒక్క ముక్క నోటికి రాలేదు. మంగళవారం చెబితే పెద్దాసుపత్రి పోయేది, పెద్దాసుపత్రి చెబితే కేజీలు పోయేవి. అమ్మమ్మ తలబాదుకుంది. చివరికి వేటకి పోతూ కాగితం మీద రాయించుకుని, తనకి చదువు రాదు కనుక పడవలో ఒకడి చేత పైకి చదివించుకున్నాడట. పది రోజులపాటు వల వేసేటప్పుడూ, వల తీసేటప్పుడూ అదే పాఠం. పడవ మీద ఉన్నవాళ్ళందరికీ నా పుట్టుక కంఠతా వచ్చేసింది. ఆ తర్వాత ఎన్నో ఏళ్ళపాటు హార్బర్లో నేను కనిపిస్తే చాలు, ఎవడో ఒకడు పడవ మీంచి "ఏటే రెండున్నర కేజీలూ!" అని కేక పెట్టేవాడు. కాలేజీకి వెళ్ళే వయసులో కూడా పెట్టేవాళ్ళు, సిగ్గూ శరం లేని మనుషులు.

మామ వేటకి వెళ్ళాడు. ఇక్కడే అసలు తప్పు జరిగింది. మా వాళ్ళలో సముద్రం మీద ఉన్నవాడి మాట నమ్మి ఎవరూ ముహూర్తం పెట్టరు. గాలి ఒకటంటుంది, వల ఒకటంటుంది, ఇంజను ఇంకోటంటుంది. అందుకని పెళ్ళిళ్ళలో కూడా తప్పనిసరి మనిషి సముద్రం మీద ఉంటే, పక్కన ఇంకొకణ్ణి సిద్ధంగా పెట్టుకోవడం అలవాటు. ఆ అలవాటు చొప్పున అమ్మమ్మ ఎవరికీ చెప్పకుండా పక్కింటాయన్ని మాట్లాడి పెట్టింది. ఆయన పోర్టులో క్రేన్ నడుపుతాడు, ఆదివారం చర్చిలో పాడతాడు, మంచివాడు. ఒక్కటే చిక్కు, అబద్ధం ఆడడు.

"నాను తండ్రినని సెప్పనమ్మా. తండ్రిలాటోణ్ణని సెప్తాను" అన్నాడట.

"ఆ 'లాటి' దగ్గర నెమ్మదిగా సెప్పు నాయనా" అందట అమ్మమ్మ.

అదే వారం అమ్మ కూడా, అమ్మమ్మకి చెప్పకుండా, ఉక్కునగరం క్వార్టరు మేడమ్ దగ్గర గోడు వెళ్ళబోసుకుంది. ఆ బల్లా కుర్చీ ఉన్న ఇల్లే. మేడమ్ జాలిగుండె మనిషి. "మావారికి సోమవారం బి షిఫ్టు, మధ్యాహ్నం దాకా ఖాళీ. మీ తమ్ముడు రాకపోతే ఈయన వస్తారు, సరేనా?" అంది. అమ్మ ఆమెకి ఆరోజు వంజరం ముక్కలు ఇంకో రెండు ఎక్కువ వేసింది.

మామ ఒక్కడు రాకపోతే ఇద్దరు. ముగ్గురిలో ఒక్కడు వచ్చినా చాలు.

ఆదివారం పోర్టులో తుఫాను హెచ్చరిక జెండా ఎగరేశారు. పడవలన్నీ పరుగుపరుగున గట్టుకొచ్చేశాయి. గాలికి పోర్టులో క్రేన్లు ఆపేశారు. సోమవారం పొద్దున్నకి నాకు నాన్న కావలసినవాళ్ళు ముగ్గురూ పనీపాటా లేకుండా గట్టున ఉన్నారు.

మామకి ఉన్న ఒకే ఒక్క మంచి చొక్కా యారాడలో ఉండిపోయింది. దాన్ని తెచ్చింది వదిన. అమ్మ చొక్కా కోసం కబురు పంపితే, ఇత్తడి చెంబులో నిప్పులు పోసి ఇస్త్రీ చేసి, పేపర్లో చుట్టి, ఆ వానలో తొలి బస్సులో కొండ దాటి ఒక్కతే వచ్చింది. పదేళ్ళ పిల్ల. చొక్కా ఎక్కడా మడత పడలేదు. ఇచ్చి, గౌను జేబులోంచి నలిగిన చీటీ ఒకటి తీసి వాళ్ళ నాన్నకి చూపించింది.

"అయ్యా, మా బడిలో కూడా ఈ రోజే మీటింగంట. అమ్మనీ అయ్యనీ రమ్మన్నారు."

మామ చొక్కా తొడుక్కుంటూ "దసరా ఎల్లిన మూడోనాడు, మంగలారం..." అని గొణుక్కుంటున్నాడు. వినలేదు. అమ్మమ్మే సమాధానం చెప్పింది. "గవర్నమెంటు బడికి మీటింగేటే? రోజూ తెరిసే ఉంటాది గదా. ఇంకో రోజు ఎల్తాడు."

వదిన చీటీ మళ్ళీ జేబులో పెట్టుకుంది. నేను అప్పుడు ఏం చేస్తున్నానంటే, అద్దంలో మెడ చూసుకుంటున్నాను. టై ఎక్కడిదాకా వస్తుందో అని.

స్కూలు గేటు దగ్గరికి మేం నలుగురం వెళ్ళాం. నేనూ, అమ్మా, మామా, గొడుగు పట్టుకుని అమ్మమ్మా. వదిన వెనకాల. గేటు దగ్గర పక్కింటాయన క్రిస్మస్‌కి కుట్టించుకున్న కోటు వేసుకుని నిలబడి ఉన్నాడు. అమ్మ ఆయన్ని చూసి "ఈయనేటి ఇక్కడ?" అంది. అమ్మమ్మ ఆకాశం చూసింది. అంతలో ఒక స్కూటరు వచ్చి ఆగింది. ఉక్కునగరం సారు, మెళ్ళో కంపెనీ కార్డు, కాళ్ళకి ఇనప ముక్కు బూట్లు. ఇక్కణ్ణుంచి అటే డ్యూటీకి పోదామని వచ్చాడట. ఈసారి అమ్మమ్మ "ఈయనెవులే?" అంది. అమ్మ ఆకాశం చూసింది.

మగవాళ్ళు మాత్రం ఒక్క నిమిషంలో కలిసిపోయారు.

"నువ్వెల్లు బావా."

"నేదు బావా, నువ్వు కోటేసుకొచ్చినావు."

"బావా, నాకు రెండింటికి షిఫ్టు, ఏదో ఒకటి తొందరగా తేల్చండి."

తేలలేదు. లోపల్నించి ఆయా వచ్చి "పాప, తల్లి, తండ్రి" అని పిలిచింది. ముగ్గురూ కదిలారు. ముగ్గురూ వచ్చారు.

పెద్ద సిస్టరు కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు. ముందుగా ఉక్కునగరం సారు మీద చూపు ఆగింది.

"మీరా? మీ పాప మన స్కూల్లోనే ఉంది కదా, ఆరో తరగతికి ఇప్పుడే వచ్చింది. ఈ పాప కూడా మీదేనా?"

ఓలమ్మో. ఆ గదిలో మా అమ్మ ఉంది, తలవంచుకుని. ఆయన ఉన్నాడు, పక్కనే. ఫ్యాను తిరుగుతోంది. తన కూతురు చదివే స్కూలుకే ఇంకో పిల్లకి తండ్రిగా వస్తున్నానన్న సంగతి ఆ మహానుభావుడికి, ఆ సాయం చేయమన్న మేడమ్‌కి, మా అమ్మకి, ఒక్కరంటే ఒక్కరికి తట్టలేదు. ఆయన మొహం పాలిపోయింది.

"అయ్యయ్యో, లేదు సిస్టర్! నాకేం సంబంధం లేదు! మేం వీళ్ళ దగ్గర చేపలు కొంటాం, అంతే!"

సిస్టరు పక్కింటాయన వైపు తిరిగారు. ఆయన కోటు గుండీ సర్దుకుని, గొంతు సవరించుకుని, చర్చిలో సాక్ష్యం చెబుతున్నట్టు అన్నాడు. "నేను అబద్ధం ఆడనండి. ఈ బిడ్డకి నేను తండ్రిలాంటివాణ్ణి. నాలాంటివాళ్ళు ఇంకా ఉన్నారు." చెయ్యి చాపి మామని చూపించాడు.

మామకి ఇంక ఆగలేదు. ఆయన్ని ఎవరూ ఏమీ అడగలేదు. పది రోజులు గుండెలో మోసిన పాఠం, ఎక్కడ జారిపోతుందో అన్న భయంతో, పడవ మీంచి ఇంకో పడవకి కేక పెట్టినట్టు ఒక్క గుక్కలో చెప్పేశాడు.

"దసరా ఎల్లిన మూడోనాడు! మంగలారం! పడవలు దిగే ఏల! పెద్దాసుపత్రిలో! రెండున్నర కేజీలు!"

సిస్టరు ఉలిక్కిపడ్డారు. "ఏమిటండీ రెండున్నర కేజీలు?"

"గుంటండి" అన్నాడు మామ.

సిస్టరు నన్ను దగ్గరికి పిలిచారు. "భయపడకమ్మా. వీళ్ళలో మీ నాన్నగారు ఎవరు?"

నాకు అమ్మ మామని చూపించమని చెప్పింది. అమ్మమ్మ ఆ పొద్దున్నే చెవిలో, అవసరమైతే పక్కింటాయన్ని చూపించమంది. ఎవరిని చూపించినా ఇంకొకరి చేతిలో నా పని అయిపోతుంది. నాకు ఏడుపొచ్చింది, దాంతోపాటు కోపం కూడా వచ్చింది. "మా నాన్న గుజరాతులో ఉన్నాడండి. ఈళ్ళు పనుల్లేక నాకోసం ఒచ్చినారు" అని భోరుమన్నాను.

అమ్మ ఇంక దాచలేదు. దాచడానికి ఏముంది కనుక? అంతా చెప్పింది. గీత గీసిన గుమస్తా సంగతి కూడా చెప్పింది. సిస్టరు నా ఫారం ముందుకి లాక్కున్నారు. తర్వాత అడిగారు.

"ఇంట్లో పాప చదువు ఎవరు చూస్తారు?"

"నానేనండి."

"మీరేం చదువుకున్నారు?"

"ఏటీ నేదండి. కుర్సీలో కూకుందో నేదో సూత్తాను."

సిస్టరు నవ్వారు. ఎగతాళి నవ్వు కాదు, అది నాకు ఆ వయసులోనే తెలిసింది. "నాన్న ఉండి కూడా రానివాళ్ళ ఫారాలు నా దగ్గర బీరువా నిండా ఉన్నాయి. ముగ్గురు రావడం ఇదే మొదలు" అని, సంరక్షకుడు అన్నచోట మామ పేరు రాసుకున్నారు. ఒక్క షరతు పెట్టారు. మూడు నెలలకోసారి జరిగే పేరెంట్స్ మీటింగుకి ఆయన తప్పకుండా రావాలి.

బయట వానలో వదిన గొడుగు పట్టుకుని నిలబడి ఉంది. నేను పరుగెత్తుకుంటూ వచ్చేసరికి నాకంటే ముందు తనే అరిచింది. "ఒచ్చిందా? సీటొచ్చిందా?" నా చేతులు పట్టుకుని గుండ్రంగా తిప్పేసింది. గొడుగు గాలికి ఎగిరిపోయి మురిక్కాలవలో పడింది, అమ్మమ్మ ఇద్దర్నీ తిట్టింది.

మామ మాట తప్పలేదు. అయిదేళ్ళలో ఒక్క మీటింగు తప్పలేదు. యజమానిని బతిమాలో, దెబ్బలాడో, వేట తేదీలు ముందుకీ వెనక్కీ జరిపించేవాడు. అదే చొక్కా వేసుకుని వచ్చి ముందు వరసలో కూర్చునేవాడు. లెక్కల టీచరు ఏం చెప్పినా "అలాగేనండి" అనేవాడు, ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. కానీ ఇంటికొచ్చాక అమ్మా, అమ్మమ్మా, పక్కింటాయన వరసగా కూర్చుంటే, టీచరు చెప్పిందంతా చేతులు తిప్పుతూ మళ్ళీ వినిపించేవాడు. మార్కులు తగ్గితే నలుగురూ కలిసి తిట్టేవాళ్ళు. ఒక్క నాన్న ఉన్నవాళ్ళకి ఒక్క తిట్టే, నాకు నాలుగు. ఆ తిట్లు పడలేకే చదివానని చెప్పాలి. డిగ్రీ, పీజీ, ఇప్పుడు ఒక జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతున్నాను. టై కట్టుకోవాల్సిన అవసరం లేదు.

వదిన ఎనిమిదితో ఆగిపోయింది. తొమ్మిదికి కొండ ఇవతలి హైస్కూలులో చేరాలి. ఆ ఫారం మీద తండ్రి సంతకమో వేలిముద్రో కావాలి. ఆ ఫారం యారాడలో క్యాలెండరు వెనకాల ఉంది. మామ వేట నుంచి వచ్చాడు, రెండు రోజులు మా ఇంట్లో ఉన్నాడు, మూడోరోజు నా మీటింగుకి వచ్చాడు, నాలుగోరోజు మళ్ళీ వేటకి వెళ్ళాడు. తిరిగొచ్చేసరికి చేరికలు అయిపోయాయి. వదిన వాళ్ళమ్మతో ఎండుచేపల పనికి వెళ్ళడం మొదలుపెట్టింది. "దానికి సదువు మీద మనసు నేదులే" అన్నారు అందరూ. నేనూ అదే అనుకున్నాను. ఒక్కసారి అడిగిన పాపాన పోలేదు. చదువుకున్నదాన్ని కదా, అన్నీ తెలిసినట్టే ఉంటుంది.

మా కాలేజీలో ఏటా ఒక ఫారం నింపమంటారు. తండ్రి లేని పిల్లలు, తల్లి లేని పిల్లలు, ఒక్కరే పెంచే పిల్లలు, వీళ్ళ మీద ప్రత్యేక శ్రద్ధ పెట్టాలని. మంచిదే, నేను శ్రద్ధగా నింపుతాను. నింపుతున్న ప్రతిసారీ, ఈ ఫారంలో వదిన ఎక్కడా వచ్చేది కాదు కదా అనిపిస్తుంది. ఆమెకి అమ్మ ఉంది, నాన్న ఉన్నాడు, గడులన్నీ నిండుగా ఉన్నాయి.

ఈ మధ్యే వదిన ఫోన్ చేసింది. కూతుర్ని అదే సిస్టర్ల స్కూల్లో ఆరో తరగతికి రాయించింది. పిల్ల రాతపరీక్ష పాసయింది. ఇంటర్వ్యూకి తల్లిదండ్రులిద్దరూ రావాలన్నారు. అన్నయ్య, అంటే వదిన భర్త, వేట మీదున్నాడు.

"ఒలే మరదలా, అప్పుడు మా అయ్యని నీకిచ్చినాను గదా. ఇప్పుడు నాకెవల్నిస్తావ్?"

నవ్వుతూనే అంది.  "నేనొస్తాను, మామని కూడా తీసుకొస్తాను" అన్నాను.

మామ ఇప్పుడు వేటకి వెళ్ళడం లేదు, మోకాళ్ళు పనిచేయడం లేదు. పాత చొక్కా పొట్ట దగ్గర కలవడం లేదు, అయినా అదే కావాలన్నాడు. వదినే ఇస్త్రీ చేసింది, ఈసారి కరెంటు పెట్టెతో. స్కూల్లో పాత సిస్టరు లేరు. కొత్త సిస్టరు చిన్నావిడ, ఎదురుగా కంప్యూటరు. మమ్మల్ని కూర్చోమని, పెద్దాయన కదా అని మామని పలకరించారు.

"తాతగారా? మంచిది. చెప్పండి తాతగారూ, మనవరాలు ఎప్పుడు పుట్టింది?"

మామ చప్పున నిటారుగా కూర్చున్నాడు. కళ్ళు మూసుకున్నాడు.

"దసరా ఎల్లిన మూడోనాడు. మంగలారం. పడవలు దిగే ఏల. పెద్దాసుపత్రిలో. రెండున్నర కేజీలు."

ఒక్క తప్పు లేదు. నేను ఫక్కున నవ్వేశాను. సిస్టరు కంప్యూటరు చూసి, "ఇక్కడ ఏప్రిల్ అని ఉందే?" అన్నారు. మామ తెల్లబోయి చూశాడు. నేను ఇంకా నవ్వుతూ వదిన వైపు తిరిగాను. వదిన నవ్వడం లేదు.

"అది ఈవిడ పుట్టుకండి" అంది సిస్టరుతో నెమ్మదిగా. "నా కూతురిది కాదు." తర్వాత వాళ్ళ నాన్న వైపు తిరిగింది. "అయ్యా, నాను ఎప్పుడు పుట్టినాను?"

మామ నా వైపు చూశాడు, నాకేమైనా తెలుసేమో అన్నట్టు. నాకూ తెలియదు. నాకంటే నాలుగు నెలలు పెద్దదని మాత్రమే తెలుసు, అది కూడా నాతో లెక్కే.

"అప్పుడు నాను ఏట మీదున్నానే" అన్నాడు చివరికి.

సీటు వచ్చింది. తండ్రి వేట మీద ఉన్నాడంటే సిస్టరు ఏమీ అనలేదు, కాలం మారినట్టుంది. పిల్ల మెడ చూసుకుంటూ మాకంటే ముందు పరుగెత్తింది. యారాడ బస్సులో మామ వదిన పక్కన కూర్చున్నాడు, పిల్లా నేనూ వెనక సీట్లో. బస్సు కొండెక్కుతుంటే మామ అడిగాడు, చిన్నపిల్లాడిలా.

"సెప్పే అమ్మా. ఎప్పుడు పుట్టినావు?"

వదిన కిటికీలోంచి కొండవైపు చూసింది. తర్వాత ఒక్కో ముక్కా విడదీసి చెప్పింది. "వానలకి ముందు. బేస్తారం. మిట్టమజ్జానం. యారాడలో ఇంటికాడ."

"వానలకి ముందు. బేస్తారం. మిట్టమజ్జానం. యారాడలో ఇంటికాడ." మామ వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాడు. "ఎన్ని కేజీలు?"

"ఇంటికాడ ఎవులు తూసినారు అయ్యా?" అంది వదిన.

మామ తల వంచుకున్నాడు. కొండ దిగేదాకా మళ్ళీ మళ్ళీ అదే చెప్పుకుంటూ వచ్చాడు. మధ్యలో బేస్తవారం పోయింది, వదిన అందించింది. ఊరు వచ్చే సమయానికి మొత్తం వచ్చేసింది. దిగే ముందు ఆయన వెనక్కి తిరిగి, ఒకప్పుడు అమ్మమ్మకి అప్పజెప్పినట్టే, నాకు అప్పజెప్పాడు. కేజీల దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆగిపోయి, చొక్కా కొసతో కళ్ళు తుడుచుకున్నాడు.